పక్కింటి గోంగూర

కుమారమ్మ గురించి మంచిగా చెప్పేవాళ్ళు వుడ్‌ల్యాండ్స్‌లో చాలామంది దొరుకుతారు. వాళ్ళందరికీ ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు గోంగూర పెట్టింది. నాకూ పెట్టింది. ఆవిడ పక్కింట్లో మూడేళ్ళున్నాను, వాళ్ళకంటే ఎక్కువే తిని ఉంటాను. అయినా నేను చెప్పేది వాళ్ళు చెప్పినట్టు ఉండదు, ఎందుకంటే ఆవిడంటే నాకు కడుపుమంట. ఈ మాట మొదటే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

మేం సింగపూర్ వచ్చింది తొంభై తొమ్మిది జూన్‌లో. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. కోబోల్ అనే పాత కంప్యూటర్ భాష రెండు ముక్కలు వచ్చిన ప్రతివాడికీ విమానం టికెట్టు వచ్చింది. మా ఆయన వెంకటేశ్వర రావుకీ వచ్చింది. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పని. అక్కడి దరిదాపుల్లో ఇళ్ళు మా తాహతుకి మించినవి కాబట్టి, ట్రైన్ ఎక్కి కూర్చుంటే మలేషియాలోకి దాటే జొహోర్ వంతెన దాకా తీసుకొచ్చి దింపే వుడ్‌ల్యాండ్స్‌లో, ఎనిమిదో అంతస్తులో ఫ్లాట్ తీసుకున్నాం. ఆయన పొద్దున వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఏడేళ్ళ మా ప్రణవి బడికి పోయేది. గుంటూరులో బోటనీ బీఎస్సీ చేసి, అందులో కాలేజీ ఫస్టు వచ్చిన సూర్యకుమారి అనే నేను, ఆయన వీసా మీద వచ్చిన భార్యని కనక, ఉద్యోగం సద్యోగం లేకుండా ఇంట్లో కూర్చునేదాన్ని. తీరిక ఎక్కువైతే మనిషికి పక్కవాళ్ళ గుమ్మం బాగా కనిపిస్తుంది.

మా అంతస్తులో పొడుగాటి వరండా. ఒకవైపు ఫ్లాట్ల తలుపులూ కిటికీలూ, రెండోవైపు నడుమెత్తు పిట్టగోడ. వరండా చివర కుమారమ్మ తలుపు. దాని పక్కన మా ప్రణవి పడుకునే గది కిటికీ, ఆ తర్వాత మా తలుపు, అది దాటితే లిఫ్ట్. కుమారమ్మ తలుపుకీ మా కిటికీకీ మధ్య పైన, ఫ్లాట్ల బాగోగులు చూసే టౌన్ కౌన్సిల్ వాళ్ళ ట్యూబులైటు ఒకటి. సాయంత్రం ఏడింటికి దానంతటదే వెలిగి, పొద్దున ఏడింటికి ఆరిపోయేది. మా తలుపు ముందు లైటు లేదు. దాన్ని నేను చాలాకాలం పట్టించుకోలేదు.

ఆ లైటు కింద, పిట్టగోడ వెంబడి, కుమారమ్మ గోంగూర. పాత పెయింటు డబ్బాలు ఆరు. ఒక్కోదాంట్లో మూడేసి మొక్కలు. ఎర్ర కాడ, నా నడుము దాకా ఎత్తు, అరచెయ్యంత ఆకు. మేం ఫ్లాట్‌లో దిగిన రోజు సూట్‌కేసులు లిఫ్ట్‌లోంచి తీస్తూ మా ఆయన వాటిని చూసి జంకాడు. ఆ ఆకు ఐదు చీలికలతో దూరం నుంచి గంజాయి ఆకులా కనిపిస్తుంది, ఈ దేశంలో గంజాయి అంటే ఉరి. నేను దగ్గరికెళ్ళి ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, "గోంగూరండీ, మన గోంగూర" అన్నాను. పులుపు తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికి అది అసూయ కాదు.

అంతలో తలుపు తీసుకుని కుమారమ్మ బయటికొచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, గుండ్రంగా, పూల గౌను మీద తువ్వాలు వేసుకుని, తలలో ఇంత మల్లెపూవు. తుంచినందుకు ఏమైనా అంటుందేమో అనుకున్నాను. లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చి, గుప్పెడు కొమ్మలు కోసి నా చేతిలో పెట్టింది.

"ఊరి నుంచి వచ్చేరేటమ్మా? ఆకలేసుంటాది గుంటకి. అన్నం నా కాడ ఉంది, రండి, మకాన్ చేసి పోండి" అంది.

మా ప్రణవిని గుంట అన్నందుకు నాకు చివుక్కుమంది. వాళ్ళ వైపు ఆడపిల్లని అలాగే అంటారని తర్వాత తెలిసింది. ఆవిడ తాత భీమునిపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. తండ్రి బ్రిటిష్ వాళ్ళ నౌకాస్థావరంలో కూలీ. ఆవిడ పుట్టింది క్రాంజీ దగ్గర రేకుల ఇళ్ళ పల్లెలో. పదహారేళ్ళకి సింహాచలం అనే వెల్డర్‌తో పెళ్ళి. పల్లె తీసేసి ప్రభుత్వం ఫ్లాట్లు కట్టించినప్పుడు ఇక్కడికి వచ్చారు. వచ్చిన రెండేళ్ళకి సింహాచలం పోయాడు. అప్పట్నుంచీ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో రేడియోలకి టంకం పెట్టి కొడుకు జయరాంని చదివించింది. ఆ టంకం కాలిన మచ్చలు ఇప్పటికీ ఆవిడ వేళ్ళ మీద ఉన్నాయి. జయరాం ట్రైన్ డిపోలో ఎలక్ట్రీషియన్, పెళ్ళై జురాంగ్‌లో ఉండేవాడు, ఆదివారం ఆదివారం వచ్చేవాడు. ఇవన్నీ ఆవిడ మొదటి రోజు అన్నం పెడుతూనే చెప్పేసింది. ఏదీ దాచుకునే మనిషి కాదు. నాకది మొదట్లో నచ్చింది, తర్వాత అది కూడా నచ్చలేదు.

ఆవిడ ఆంధ్రా మొహం చూడలేదు. ఒక్కసారి కూడా. ఆవిడ తెలుగులో సగం అరవం, పావు మలాయ్. భోజనాన్ని మకాన్, మార్కెట్టుని పాసార్ అనేది, గోంగూరని పులిచ్చకీరై అని కూడా అనేది. అటువంటి మనిషి ఇంటికి ఆదివారమైతే మన కంప్యూటర్ వాళ్ళు వరస కట్టేవాళ్ళు. కృష్ణా, గుంటూరు, నల్గొండ, అందరూ. లిటిల్ ఇండియాలో శుక్రవారం వచ్చే గోంగూర కట్ట వాడి వడలిపోయి ఉండేది, ఇక్కడ చెట్టు మీది ఆకు. ఆవిడ పచ్చడి నూరి సీసాల్లో పెట్టి ఇచ్చేది, డబ్బు తీసుకునేది కాదు. వాళ్ళు ఆవిడ గచ్చు మీద చతికిలబడి అన్నం తిని, "ఆంటీ, మా ఇంట్లో ఉన్నట్టుంది" అని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. పక్కింట్లోంచి నాకు అన్నీ వినిపించేవి. నేను గుంటూరుదాన్ని. గోంగూర అంటే గుంటూరు అని పసిపిల్లలకి కూడా తెలుసు. నా గుమ్మం ముందు ఒక్క చెప్పుల జత ఉండేది కాదు.

నేనే వేస్తాను అనుకున్నాను. మా అమ్మకి ఉత్తరం రాసి గింజలు తెప్పించాను. మా తలుపు ముందు పిట్టగోడ వెంబడి నాలుగు కుండీలు పెట్టాను, కొత్తవి, మట్టివి, పెయింటు డబ్బాలు కాదు. మూడో రోజుకి మొలకలొచ్చాయి. వారానికి రెండాకులు, రెండు వారాలకి ఆరాకులు. నా లెక్కకి రెండు నెలల్లో ఆవిడ మొక్కల్ని దాటాలి. నెలా పదిహేను రోజులకి మొక్క జానెడైంది. అక్కడితో ఆగి పూత పూసింది. పసుపు రంగు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు. గోంగూర పువ్వు అందంగా ఉంటుంది. నాకు దాన్ని నలిపి పారెయ్యాలనిపించింది, పారేశాను. మర్నాటికి ఇంకోటి పూసింది.

కుండీ చిన్నదేమో అనుకుని పెద్దవి కొన్నాను. జానెడు పెరిగి పూసింది. నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళుతున్నాయేమోనని రోజు మార్చి రోజు పోశాను. ఆకులు వేలాడి, జానెడు పెరిగి పూసింది. మట్టి మంచిది కాదేమోనని మా ఆయన్ని ఆదివారం పూట బస్సెక్కించి క్రాంజీ తోటలకి తీసుకెళ్ళి ఎరువు సంచి మోయించాను. ఆయన ఆ సంచిని లిఫ్ట్‌లో దించి, "వారమంతా పనిచేసి వచ్చిన మనిషినే సూర్యా" అన్నాడు. ఆ ఎరువు ఎక్కువై ఆకుల అంచులు మాడిపోయాయి, మాడిన ఆకుతోనే జానెడు పెరిగి పూసింది. ఒకసారి పిండినల్లి పట్టింది, సబ్బునీళ్ళతో ఒక్కో ఆకూ కడిగాను. నల్లి పోయింది, పూత పోలేదు. కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నిలిచాయని దోమల ఇన్‌స్పెక్టరు వచ్చి జరిమానా రాసిపోయాడు. ఆవిడ డబ్బాల కింద పళ్ళేలే లేవు.

సిగ్గు చంపుకుని కుమారమ్మనే అడిగాను. "ఆంటీ, మీరేం వేస్తారు?"

"ఏటీ నేదమ్మా. బియ్యం కడిగిన నీళ్ళు పోస్తాను. అంతే."

నేను నమ్మలేదు. బియ్యం నేనూ కడుగుతున్నాను. ఇంకేదో ఉంది, చెప్పడం లేదు అనుకున్నాను. అందరికీ ఆకు పంచేవాళ్ళు కిటుకు మాత్రం పంచరు, పంచితే వాళ్ళ గుమ్మానికి ఎవరొస్తారు. ఆవిడ నా మొహం చూసి ఏమనుకుందో, మర్నాడు తన గింజలు ఒక కాగితంలో పొట్లం కట్టి తెచ్చి ఇచ్చింది. వేయించి ఇచ్చిందేమోనని రెండు కొరికి చూశాను. పచ్చివే. వేస్తే అన్నీ మొలిచాయి. అందుకు కూడా నాకు కోపమొచ్చింది. అవీ జానెడు పెరిగి పూశాయి.

ఇంతకంటే కడుపు మండే సంగతి ఇంకోటి. ప్రణవి బడి నుంచి వచ్చి బ్యాగు మా ఇంట్లో పడేసి తిండికి అటు వెళ్ళేది. నేను కలిపి పెట్టిన అన్నం చుట్టూ తిప్పి వదిలేసేది, అక్కడ గోంగూర కలిపి పెడితే కంచం నాకేది. ఆవిడ నేల మీద కూర్చుని పిల్లని ఒళ్ళో వేసుకుని ముద్దలు పెడుతూ, రేడియోల్లోకి తీగలు ఎలా అతికించేదో చెప్పేది. ఒకరోజు నేను లిటిల్ ఇండియా నుంచి కట్ట తెచ్చి, వెల్లుల్లి దంచి, నువ్వులు వేయించి, మా అమ్మ చేసినట్టే చేశాను. ప్రణవి ఒక ముద్ద తిని, "మామ్మ's one nicer, lah" అంది, బడిలో నేర్చుకున్న సింగపూర్ ఇంగ్లీషులో.

"మామ్మెవరు? ఆవిడ నీకు మామ్మెలా అయింది?"

పిల్ల నా వంక చూసింది. "ఏటమ్మా, కోపమా?" అంది. అచ్చం కుమారమ్మ గొంతు. ఆ పూట నేను అన్నం తినలేదు.

ఆ మధ్యాహ్నం నాకో ఆలోచన వచ్చింది. ఆ ఆకు గంజాయిలా ఉంటుంది కదా, పేరు చెప్పకుండా ఒక్క ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి డబ్బాలన్నీ పీకి పట్టుకుపోరూ అని. పరీక్ష చేసి గోంగూర అని తేల్చేసరికి మొక్కలు చచ్చి ఉంటాయి. ఫోన్ దాకా వెళ్ళలేదు, కానీ ఆ ఆలోచన ఐదు నిమిషాలు నాతో కూర్చుంది, నేను దానికి మర్యాద చేశాను.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు తేదీ మర్చిపోలేదు. మా ఆయన కాంట్రాక్టు పొడిగించారు. ఏప్రిల్‌లో మనవాళ్ళంతా ఒక హాలు తీసుకుని ఉగాది భోజనాలు పెట్టారు. వడ్డించే సుధాకరరావు అనే ఆయన, బక్కెట్టు పట్టుకుని పంక్తి మధ్య నిలబడి, "కుమారమ్మ ఆంటీ గోంగూరండీ, ఈ సింగపూర్‌లో ఆంధ్రా అంటే ఇదే" అని అందరికీ వినిపించేలా చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆవిడ మొహం చేత్తో కప్పుకుని నవ్వింది. అప్పుడు ఆవిడ ఇదివరకెప్పుడూ చెప్పని మాట నాతో అంది. "మీ ఊరోళ్ళు మొదట్లో నా తెలుగు ఇని నవ్వేవోళ్ళమ్మా. ఈ ఆకు వల్లే నన్ను కలుపుకున్నారు."

వినాల్సిన మాట. నేను విన్నాను కూడా. కానీ ఆ పూట నా చెవుల్లో చప్పట్లే ఉన్నాయి.

మే నెలలో ఒక సాయంత్రం ప్రణవిని పిలవడానికి ఆవిడ తలుపు దగ్గరికి వెళ్ళాను. ఏడైంది, లైటు వెలిగింది. అప్పుడు చూశాను, చెప్పుల బీరువా వెనక, పిట్టగోడ మూలన, ఏడో డబ్బా ఒకటి. జాగా చాలక ఎప్పుడో అక్కడికి నెట్టినట్టుంది. అందులోనూ గోంగూరే. జానెడు ఎత్తు, తల నిండా పువ్వులు.

ఒకటే చెయ్యి, ఒకటే మట్టి, ఒకటే గింజ, అవే బియ్యం నీళ్ళు. ఆరు డబ్బాల్లో నడుమెత్తు, ఏడోదాంట్లో నా ఇంట్లోలాగే జానెడు. బీరువా నీడ కచ్చితంగా ఆ డబ్బా మీద పడుతోంది. నేను తలెత్తి ట్యూబులైటు వంక చూశాను. బీఎస్సీ రెండో సంవత్సరం, ఫోటోపీరియాడిజం పాఠం. పగలు పొట్టిదై రాత్రి పొడుగైతే పూసే మొక్కలు కొన్ని ఉంటాయి. గోంగూర ఆ జాతి. మన దగ్గర వేసవిలో పగలు పొడుగు కాబట్టి అది పెరుగుతుంది, చలికాలం వచ్చాకే పూస్తుంది. సింగపూర్‌లో ఏడాది పొడుగునా పగలు పన్నెండు గంటలే. నేలలోంచి తల ఎత్తిన దగ్గర్నుంచీ దానికి పూత కాలమే. పూత పట్టాక మొక్క ఇంకేం పెరుగుతుంది. కుమారమ్మ మొక్కలకి మాత్రం రాత్రి లేదు. ఆ లైటు కింద వాటికి తెల్లవార్లూ పగలే.

ఆ పాఠమున్న పేపర్లో నాకు నూటికి తొంభై ఒకటి వచ్చాయి. పది నెలలు ఎరువులు మోయించాను, నల్లిని కడిగాను, గింజలు కొరికాను, తల ఎత్తి చూడలేదు. కుమారమ్మకి అక్షరం ముక్క రాదు, ఆవిడకి పంట పండింది. నాకు తెలిసిందని సంతోషం కలగలేదు. ఆవిడ గొప్పతనం ఏమీ లేదు, టౌన్ కౌన్సిల్ వాళ్ళ కరెంటు, అంతే, అనిపించింది. ఆ అనిపించడంలో మాత్రం చాలా సుఖం ఉంది.

నా కుండీలు ఆ లైటు కిందికి జరిపితే సరిపోయేది. కానీ ఆవిడ గుమ్మం ముందు పెరిగితే అది ఆవిడ గోంగూరే అవుతుంది. నేను టౌన్ కౌన్సిల్‌కి ఉత్తరం రాశాను. ఫలానా అంతస్తులో ట్యూబులైటు వెలుగు మా పాప గది కిటికీలోంచి నేరుగా మంచం మీద పడుతోంది, పాపకి నిద్ర పట్టడం లేదు, బడిలో తూగుతోంది, మా తలుపుకి అవతలి పక్క చీకటిగా ఉంది కాబట్టి లైటుని అక్కడికి మార్చవలసిందని. మంచి ఇంగ్లీషులో రాశాను. ప్రణవి మంచం ఎక్కిందంటే పక్కన బాజాలు వాయించినా లేవదు.

రెండు వారాల్లో నిచ్చెన పట్టుకుని ఒకాయన వచ్చి లైటు మార్చేశాడు. ఈ దేశంలో పనులు అలా అవుతాయి.

మూడు వారాలకి కుమారమ్మ మొక్కలు మొగ్గ తొడిగాయి. ఆరు డబ్బాలూ ఒక్కసారే. ఆకు చిన్నదైంది, కాడ చేవదేరింది. ఆవిడ కోసి కొత్త గింజలు వేసింది, అవి జానెడు పెరిగి పూశాయి. మళ్ళీ వేసింది. నేను కిటికీ పరదా పక్కకి జరిపి చూసేదాన్ని. ఒంగుని ఆ పువ్వుల వంక చూస్తూ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేది. తలుపు ముందు చీకటి కదా, పాసార్ నుంచి ఆలస్యంగా వచ్చిన సాయంత్రాలు తాళం కన్నం దొరక్క తడుముకునేది. తర్వాత చిన్న టార్చిలైటు ఒకటి కొని తాళాల గుత్తికి కట్టుకుంది.

నా కుండీలు ఆగస్టు కల్లా నా నడుము దాటాయి. అరచెయ్యంత ఆకు. ఆదివారాలు మనవాళ్ళు లిఫ్ట్ దిగగానే మొదట కనిపించేది మా గుమ్మమే. "అరె, గుంటూరు గోంగూర" అన్నారు. నేను పచ్చడి నూరాను, సీసాల్లో పెట్టాను, గచ్చు మీద చాపలు వేశాను. చెప్పుల జతలు లెక్కపెట్టుకున్నాను. అటు వరండా చివర నిశ్శబ్దంగా ఉండేది. ఒకరిద్దరు వెళ్ళి పలకరించి వచ్చేవాళ్ళు, తర్వాత్తర్వాత అదీ మానేశారు. నాకు కావలసినవన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. కుమారమ్మ మొహంలో ఒక్కసారి, ఒక్క క్షణం, నా మొహంలో ఏడాదిగా ఉన్నది కనపడాలి. దాని కోసం ఎదురు చూశాను.

సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ తిని వెళ్ళాక, ఆవిడ వచ్చింది. చేతిలో ఖాళీ ప్లాస్టిక్ సంచి. గుమ్మం బయటే నిలబడింది.

"అమ్మాయ్, గుప్పెడాకు ఇస్తావేటి? జయరాం వస్తన్నాడు, ఆడికి పచ్చడి నేకపోతే ముద్ద దిగదు."

ఆవిడ నా దగ్గర ఆకు అడుగుతోంది. నేను కత్తెర తెచ్చాను, తొందరపడలేదు. ఆవిడ మొక్కల దగ్గరికి వెళ్ళి ఒక కొమ్మ చేత్తో ఎత్తి పట్టుకుని ఆకు వెనక తిప్పి చూసింది. వాసన చూసింది.

"ఎంత బాగా పెంచేవమ్మా. నా చేతిలో ఎప్పుడూ ఇంత ఆకు రానేదు" అంది.

ఆ మొహం నిండా సంతోషమే. ఎంత వెతికినా ఇంకేం లేదు. నాకు ఒళ్ళు మండింది. ఏదో ఒకటి అని ఆ సంతోషాన్ని చెరపాలనిపించింది.

"మీవి ఎందుకు పాడైపోయాయో తెలిసిందా ఆంటీ?" అన్నాను.

"తెల్సు కదా. లైటు పోయినాకే ఇలగయ్యింది. జయరాం చూసి చెప్పేడు, ఆడికి కరెంటు పనే కదా. ‘అమ్మా, లైటు మళ్ళీ నీ తలుపు కాడికి మార్పించమని నేను రాస్తాను’ అన్నాడు. నేనే వొద్దన్నాను."

"ఎందుకు?"

"లైటు మార్చడానికి వచ్చినాయన చెప్పేడమ్మా, పక్కింటి పాపకి నిద్ర పట్టట్లేదని రాసేరని. నాకు తెలీనే తెలీదు. ఇన్నాళ్ళూ ఆ లైటు గుంట కళ్ళలో పడతందని నాకు ఒక్క మాట చెప్పుంటే, నేనే తీయించేసేదాన్ని కదా." ఆవిడ నిజంగా నొచ్చుకుంటూ అంది. "గుంట నిద్ర కంటే ఆకు ఎక్కువేటి. ఇప్పుడు బాగా పడుకుంటందా?"

లోపల ప్రణవి బొమ్మలు వేసుకుంటూ పాట పాడుతోంది. నేను కొమ్మలు కోస్తూనే ఉన్నాను. కత్తెర ఆపితే చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు.

"పడుకుంటోంది ఆంటీ" అన్నాను.

"అది చాలు" అంది. సంచి నిండిపోయింది, నేనింకా కోస్తున్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "మొక్కకి కూడా కొంచెం ఉంచమ్మా."

ఆవిడ సంచి పట్టుకుని తన తలుపు వైపు నడిచింది. చీకటి పడలేదు కాబట్టి తాళం తేలిగ్గానే తీసింది. మా లైటు కింద, నా నాలుగు కుండీల పక్కన, ఆరు డబ్బాలు పట్టేంత జాగా ఖాళీగా ఉంది. ఆంటీ, మీ డబ్బాలు ఇటు తెచ్చి పెట్టుకోండి, అనాలి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. తలుపు దగ్గర ఆవిడ వెనక్కి తిరిగి నా వంక చూసి నవ్వింది కూడా. నా చోట ఆవిడ ఉంటే ఆ మాట క్షణం ఆలోచించకుండా అనేసేది. అది తెలుసు కాబట్టే, నేను అనలేకపోయాను.